పది ఇరవై అయిదుకి ఏం జరిగింది

మా బావమరిది అబద్ధం చెబుతున్నాడని కనిపెట్టడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వాడి ఎడమ చేతి చూపుడువేలికి కట్టు ఉంది. ఏమైందిరా అంటే, పొద్దున ఇంట్లో తలుపు సందులో పడిందన్నాడు. ఇంట్లో వాడి వేలు తలుపు సందులో పడి ఉంటే వాడి అక్క, అంటే మా ఆవిడ, ఈపాటికి నాకు నాలుగుసార్లు ఫోన్ చేసి ఏడ్చేది. పొద్దున్నించి ఆవిడ ఏడుపంతా వాడి ఉద్యోగం గురించే. వేలి మాట ఎత్తలేదు.

అప్పుడు బుధవారం మధ్యాహ్నం పన్నెండూ నలభై. ఆసుపత్రి మొదటి అంతస్తులో, సర్వర్లు పెట్టే గదిలో ఉన్నాం. చల్లగా ఉంది. కూర్చోవడానికి ఒకటే స్టూలు. దాని మీద నేను కూర్చున్నాను. వాడు నిలబడ్డాడు, నేరం మోపినవాడు నిలబడడం మర్యాద కనక.

నేరం ఇదీ. ఏ రోగికి ఏ మందు ఎప్పుడు వెళ్ళిందో ఈ ఆసుపత్రిలో అంతా సర్వర్‌లోనే ఉంటుంది. మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి అది చచ్చింది. లోపల బోర్డు మాడిపోయింది. దాన్ని చూసుకునే మెకానిక్ మా వాడే. రెండేళ్ళుగా స్టోర్ రూములో పడి ఉన్న అదే రకం ఇంకో యంత్రాన్ని తొమ్మిదీ నలభైకి పైకి తెచ్చి, ఇనప అరలో బిగించి, పాతదాంట్లోంచి డిస్కు మార్చి, మళ్ళీ పనిలోకి దింపాడు. అంతవరకూ శభాషే. కానీ సాయంత్రం చూస్తే శుక్రవారం నుంచి సోమవారం దాకా నాలుగు రోజుల తాళం మందుల రికార్డు లేదు. తాళం మందులంటే, బీరువాలో పెట్టి తాళం వేసి, ఒక్కో సీసాకీ జవాబు చెప్పాల్సిన మత్తు ఇంజెక్షన్లు. వాటి రికార్డు చెరిపితే జైలే.

పెద్ద డాక్టరు గారు మూడింటివరకూ గడువిచ్చారు. మూడింటికి పోలీసులొస్తారు, మా వాణ్ణి తీసుకుపోతారు. ఇప్పుడు నా చేతిలో ఉన్నవి రెండు గంటలా ఇరవై నిమిషాలు.

ఆధారం ఒక కాగితం ముక్క. దాని మీద ఒకటే వరుస. మా వాడి పాస్‌వర్డుతో, మంగళవారం పది ఇరవై అయిదుకి, నాలుగు రోజుల రికార్డు చెరిపివేత. ఆ టైముకి ఈ గదిలో వాడు తప్ప పురుగు కూడా లేదు. ఇంకేం కావాలి?

ఆ కాగితం తీసిన మనిషిని కూడా మెట్ల దగ్గరే కలిశాను. ఆసుపత్రి వాళ్ళు ఏదో పెద్ద కంపెనీ నుంచి పిలిపించుకున్న డిటెక్టివ్. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఇచ్చిన కార్డు మీద పేరు కంటే డిగ్రీలే పొడుగు. ఉక్క పోస్తున్నా టై వదులు చెయ్యలేదు, అందుకని నేను టై అనే పిలుచుకున్నాను. నేనూ చేసేది ఆ పనే, కాకపోతే నా చదువు ఏడో తరగతి. అదీ సగమే. నేను ముద్దాయికి బావనని తెలిసి అతను నవ్వాడు. నిజంగానే సరదా పడినట్టు నవ్వాడు, అదే ఒళ్ళు మండించింది. మీ మరదలు గారికి కూడా ఏదైనా కేసుందా అని అడిగాడు.

చాలా రోజుల తర్వాత నాకు హుషారు పుట్టింది.

బావమరిదిని మరో రెండు ప్రశ్నలు అడిగాను. పనిలోకి దింపింది ఎన్నింటికి? పదకొండూ నలభైకి. మైకులో చెప్పాడు కూడా. తర్వాత ఏం చేశావు? ఇక్కడే కూర్చున్నాను, అన్నాడు నేల చూస్తూ. వేలి కట్టు మీద నా కళ్ళు పడగానే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. కట్టు చుట్టిన తీరు ఇంట్లో చుట్టింది కాదు. చివర చక్కగా మడిచి టేపు వేసి ఉంది. అలా మడిచే వాళ్ళు ఈ భవనంలో కింది అంతస్తులోనే ఉంటారు.

కిందికి దిగాను.

దెబ్బలతో వచ్చేవాళ్ళని చూసే విభాగానికి ఒక పెద్ద నర్సు ఉంది. ఎత్తు తక్కువ, గొంతు ఎక్కువ. డాక్టర్లు కూడా ఆవిడ ముందు తగ్గి మాట్లాడుతున్నారు. నేను ఫలానా అని చెప్పుకుంటే, ఆ అబ్బాయి బావవా నువ్వు, వాడికేం బంగారంలాంటి పిల్లాడు, వాడి మీద అభాండం వేసినవాడి నోటికి నేనే కుట్లు వేస్తాను అంది. వేలికి కుట్లు వేసిందా అని అడిగితే మూడు వేశానంది. ఎప్పుడు అని అడిగితే మాట్లాడకుండా నల్ల అట్ట పుస్తకం ఒకటి నా ముందు పడేసింది.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే, సర్వర్ ఆగిన మరుక్షణం ప్రతి విభాగంలోనూ నల్ల పుస్తకం బయటికొస్తుంది. సర్వర్ వచ్చిందని మైకులో చెప్పేదాకా అన్నీ చేత్తోనే రాయాలి. చెప్పగానే అందరూ పుస్తకం మూసేస్తారు. ఈవిడ మాత్రం మూయదు. తన డ్యూటీ దిగేదాకా రాస్తూనే ఉంటుంది. ఎందుకమ్మా అంటే, చచ్చి లేచినదాన్ని వెంటనే ఎవడు నమ్ముతాడు అంది.

పుస్తకంలో నీలం సిరాతో ఉంది. మంగళవారం, సర్వర్ మెకానిక్, ఎడమ చూపుడువేలు, ఇనప రేకు కోసుకుంది, మూడు కుట్లు. వచ్చింది పదకొండూ నలభై తొమ్మిది. వెళ్ళింది పన్నెండూ పది.

వేలి సంగతి తేలింది గాని మా వాడికి ఒరిగిందేమీ లేదు. చెరిపింది పది ఇరవై అయిదుకి కదా. పుస్తకం తిరిగి ఇవ్వబోతూ చూశాను. పేజీల మధ్య చీటీలు గుచ్చి ఉన్నాయి. సర్వర్ లేచాక యంత్రం అచ్చువేసి ఇచ్చిన రోగుల చీటీలు. ప్రతి దాని మీదా అచ్చులో ఒక టైము, పక్కన పెద్ద నర్సు పెన్నుతో రాసిన ఇంకో టైము. మొదటి చీటీ మీద అచ్చులో పది పదహారు. పెన్నుతో పదకొండూ నలభై ఒకటి.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. రెండో చీటీ. పది ఇరవై ఒకటి, పదకొండూ నలభై ఆరు. మూడోది. పది ఇరవై తొమ్మిది, పదకొండూ యాభై నాలుగు. ప్రతిదానికీ తేడా గంటా ఇరవై అయిదు నిమిషాలు. తొమ్మిదో చీటీ నుంచి రెండు టైములూ ఒకటే అయిపోయాయి. పన్నెండూ పదిహేను, పన్నెండూ పదిహేను.

గోడ గడియారం చూశాను. నా చేతి గడియారం చూశాను. రెండూ కలిశాయి.

ఇది ఎవరికీ చెప్పలేదా అని అడిగాను. యంత్రాలు తప్పు టైము చెప్పడం ఏమన్నా వింతా, మనుషులే చెబుతుంటే, అంది ఆవిడ. పైగా తనని ఎవరూ అడగలేదట. టై బాబు ఈ గుమ్మం తొక్కనే లేదట. అతను కంప్యూటర్లనే అడిగాడు, ఆవిడని అడగలేదు. చదువుకున్నవాళ్ళతో అదే సుఖం, మనకి కాస్త చోటు మిగులుస్తారు.

చీటీలు ఒక కవర్లో పెట్టి ఇస్తూ, పిల్లాణ్ణి తిట్టకు, వాడు ఇప్పటికే తల్లి కొట్టిన పిల్లాడిలా ఉన్నాడు, అని చెప్పి పంపింది. 

పైకొచ్చేసరికి ఒంటి గంటా పది. తిట్టలేదు. స్టూలు మీద వాణ్ణి కూర్చోబెట్టి, నేను నిలబడి, మొదటి చీటీ చూపించాను. వాడి మొహం పాలిపోయింది.

"ఒరేయ్, యంత్రాన్ని పనిలోకి దింపేముందు చెయ్యాల్సిన మొదటి పనేంటి?"

"గడియారం సరిచెయ్యాలి బావా."

"చేశావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. రెండేళ్ళు స్టోర్ రూములో పడి ఉన్న యంత్రం గడియారం వెనకబడింది. అది సరిచేద్దామనుకుంటూనే ఉన్నాడు. అన్ని విభాగాల నుంచీ ఫోన్లు, ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు అని. వేలు కోసుకుంది. జేబురుమాలు చుట్టుకుని, గడియారం సంగతి మరిచిపోయి దింపేశాడు. కుట్లు వేయించుకుని వచ్చాక గాని చూసుకోలేదు. చూసి, చప్పుడు చెయ్యకుండా పన్నెండూ పదిహేనుకి సరిచేశాడు. పన్నెండేళ్ళ సర్వీసులో కొత్తగా చేరినవాళ్ళకి వాడు నేర్పే మొదటి పాఠం అది. తనే తప్పాడని చెప్పుకోలేక నోరు కుట్టేసుకున్నాడు. అదిగో, జైలుకైనా పోతాడు గాని పనిలో పొరపాటు చేశానని ఒప్పుకోడు. వీళ్ళ వంశమే అంత. మా ఆవిడ ఉప్పు ఎక్కువ వేసినా ఒప్పుకోదు.

చెరిపింది పది ఇరవై అయిదుకి కాదు, పదకొండూ యాభైకి. అప్పుడు వాడు కింద కుట్లు వేయించుకుంటున్నాడు. అయితే పాస్‌వర్డు వాడిదే. అది ఎవరికిచ్చావురా అన్నాను. వాడి రెండో తప్పు అప్పుడు బయటపడింది. సర్వర్ లేవగానే ఏదైనా ఒక విభాగానికి వెళ్ళి, అక్కడి కంప్యూటర్లో తన పాస్‌వర్డు కొట్టి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. పక్కనే కదా అని మందుల గదికి వెళ్ళాడు. చూస్తుండగా రుమాలు దాటి నెత్తురు కీబోర్డు మీద చుక్క పడింది. కంగారుగా లేచి కిందికి పరిగెత్తాడు. కంప్యూటర్ అలాగే తెరిచి ఉంది.

"అది చెబితే ఉద్యోగం పోతుంది బావా."

"చెప్పకపోతే ఏం మిగుల్తుందనుకున్నావు?"

వాడు నవ్వలేదు గాని, భుజాలు కాస్త దిగాయి. నిన్నటి తర్వాత ఇప్పుడే ఊపిరి పీల్చినట్టు కనిపించాడు. పాత సర్వర్ ఏదిరా అని అడిగితే ఇంకో సంగతి చెప్పాడు. దాంట్లో రెండు డిస్కులుంటాయి. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే పడుతుంది. కొత్తదాంట్లోకి వాడు ఒకదాన్నే మార్చాడు. రెండోదాన్ని పాతదాంట్లోనే ఒక రోజంతా వదిలేస్తాడు, కొత్తది సవ్యంగా నిలబడేదాకా. అది వాడి అలవాటు, ఏ పుస్తకంలోనూ లేదు. అంటే ఆ డిస్కులో మంగళవారం తొమ్మిదీ పది వరకూ అంతా భద్రం. నిన్న సాయంత్రమే ఆ మాట చెప్పాడట. టై వినలేదు. పాత సర్వర్‌కి సీలు వేసి, ముద్దాయి మాట మీద సాక్ష్యం ముట్టుకోనివ్వనన్నాడట.

పెద్ద డాక్టరు గారి గదికి వెళ్ళేముందు మందుల గదికి వెళ్ళాను. అక్కడి స్టోర్‌కీపర్ యాభై దాటిన మనిషి, నున్నగా దువ్విన తల, అరలన్నీ అద్దాల్లా తుడిచి పెట్టుకున్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మంగళవారం సర్వర్ లేచాక గది వదిలి ఎక్కడికైనా వెళ్ళారా అని అడిగితే కాస్త గర్వంగానే చెప్పాడు. ఒంటి గంట దాకా కుర్చీ కదల్లేదట. ఎవరూ లోపలికి రాలేదట. తాళం మందులున్న గది వదిలేసి తిరగడానికి తనేం చిన్నపిల్లాడు కాదట. మా బావమరిది తప్ప ఆ కంప్యూటర్ ముందు ఎవరూ కూర్చోలేదట. ఆ మాట రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. చక్కటి దస్తూరీ. మీరు కూడా ఒకసారి డాక్టరు గారి దగ్గరికి రావాలి, ఈ సంతకం మీదేనని చెబితే చాలు, అన్నాను. గోడ గడియారం చూసుకుని, మూడింటిలోపల వదిలేస్తారా అని అడిగాడు. అరగంట చాలన్నాను. బీరువా తాళాలు తన దగ్గర పనిచేసే అమ్మాయికిచ్చి, నా వెంట వచ్చాడు. అప్పుడు రెండూ ఐదు.

పెద్ద డాక్టరు గారు తెల్ల జుట్టాయన. చెప్పింది శ్రద్ధగా విన్నారు. చీటీలు బల్ల మీద పరిచాను. టై వాటిని వేలితో అటూ ఇటూ జరిపి, పక్కకి తోశాడు.

"పెన్నుతో రాసిన అంకెలు సాక్ష్యం కావు. యంత్రం రాసిందే సాక్ష్యం."

"రెండూ చీటీ మీదే ఉన్నాయి కదండీ. ఒకటి ఎలాగూ అబద్ధం. ఏదో మీరే చెప్పండి."

యంత్రాలు అబద్ధమాడవని మొదలుపెట్టి, కార్డు మీద ఉన్నన్ని మాటలూ వాడాడు. అయిపోయేదాకా ఆగాను. మైకులో ప్రకటన పదకొండూ నలభైకి వచ్చిందని ఆసుపత్రి అంతా విన్నది. ప్రకటన తర్వాత వచ్చిన చీటీ మీద పది పదహారు ఎలా పడిందో చెప్పమన్నాను. పడుకున్న యంత్రం చీటీలు అచ్చువేస్తుందా? టై పక్కకి తోసిన చీటీని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రెండు క్షణాల కోసం నేను ఏడో తరగతి ఇంకోసారి ఫెయిలవడానికైనా సిద్ధం.

అయినా వదల్లేదు. పాస్‌వర్డు ముద్దాయిదే కదా అన్నాడు. అప్పుడు స్టోర్‌కీపర్ సంతకం ఉన్న కాగితం తీసి చదివాను. మా వాడు, తను తప్ప ఆ గదిలో ఎవరూ లేరని ఆయనే రాసిచ్చాడు. కంప్యూటర్ తెరిచి వదిలేసిన మా వాడు పదకొండూ యాభైకి కింద కుట్లు వేయించుకుంటున్నాడు. స్టోర్‌కీపర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తనకేం తెలియదన్నాడు. బీరువాలో సీసాలన్నీ నిన్న లెక్కకి సరిపోయాయని గుర్తు చేశాడు. ఏదీ పోనప్పుడు తను ఎందుకు చెరుపుతాడు అన్నాడు. అది నాకూ తెలియదు, ఒప్పుకుంటాను. అక్కడ నా బండి ఆగిపోయింది.

డాక్టరు గారు టై వైపు తిరిగి, సీలు విప్పండి అన్నారు. టై పోలీసులొచ్చేదాకా అని ఏదో గొణిగాడు. ఇది నా ఆసుపత్రి అన్నారాయన. అంతే.

రెండూ ఇరవై ఎనిమిదికి అందరం సర్వర్ గదిలో ఉన్నాం. ఉన్న స్టూలు స్టోర్‌కీపర్‌కి ఇచ్చాం. మా బావమరిది సీలు తెగిన పాత సర్వర్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కట్టు ఉన్న వేలు తగలకుండా, మిగిలిన నాలుగు వేళ్ళతో డిస్కు గొళ్ళెం నొక్కి, నిద్రపోతున్న పసిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు తీశాడు. దాని మీద వాడి చేతిరాతతో చిన్న టేపు ముక్క, రెండు అని. కొత్త యంత్రం పక్క అరలో దూర్చాడు. ఈసారి మాత్రం ముందు గడియారం చూశాడు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. పచ్చ దీపం రెండుసార్లు ఆరి వెలిగి నిలబడింది. పనిచేసే మనిషి చేతులు చూడ్డం కంటే హాయి నాకు ఇంకోటి లేదు. టై కూడా వంగి చూస్తున్నాడు, పాపం.

నాలుగు రోజులూ తెర మీదికి వచ్చాయి. మా వాడు ఒక్కో వరుసా చదివాడు. శుక్రవారం మామూలే. శనివారం మామూలే. ఆదివారం మధ్యాహ్నం దగ్గర ఆగాడు.

"బావా, ఇక్కడేం పోలేదు. వచ్చాయి."

ఆదివారం ఒంటి గంటా ముప్పైకి నొప్పి ఇంజెక్షన్ పెట్టెలు ఎనిమిది పగిలినవని రాసి బీరువాలోంచి తీసేశారు. రెండు నిమిషాల తర్వాత ఎనిమిది పెట్టెలు లోపలికి పెట్టారు. పంపిన కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఆదివారం ఇక్కడికి ఏ కంపెనీ బండీ రాదని డాక్టరు గారే అన్నారు. ఎనిమిది పోయి ఎనిమిది వచ్చాయి. అందుకే లెక్క సరిపోయింది. సోమవారం వాటిలోంచి ఏదీ వాడలేదు, ముందున్నవి ఉన్నాయి కనక.

మంచి మందు పోయింది. బీరువాలో ఉన్నదేమిటో ఎవరికీ తెలియదు. స్టోర్‌కీపర్ మాత్రం తన చేతి గోళ్ళు చూసుకుంటున్నాడు. కంపెనీ పేరు రాయడం మరిచిపోయి ఉంటానన్నాడు. ఏ గొంతుతో నాతో మర్యాదగా మాట్లాడాడో ఆ గొంతుతోనే. ఇలాంటివాళ్ళని నేను చూశాను. పోలీసులు ఒక రాత్రంతా కూర్చోబెట్టినా ఇదే మాట చెబుతారు.

డాక్టరు గారు గోడ ఫోన్ తీసి మందుల గదికి కలిపారు. ఆ ఎనిమిది పెట్టెలూ ఎవరూ ముట్టుకోవద్దని ఆ అమ్మాయికి చెప్పారు. అవతల ఆమె ఏదో అంది. ఆయన మళ్ళీ చెప్పమన్నారు. మాకు వినపడేలా తనూ పలికారు.

"ఒకటి ఆపరేషన్ థియేటర్‌కి ఇచ్చావా. రెండూ ఇరవైకి. తుంటి ఎముక కేసుకి."

స్టూలు కింద పడిన చప్పుడైంది. స్టోర్‌కీపర్ లేచి నిలబడ్డాడు. నున్నటి తల మీద చెమట పట్టేసింది.

"అది కాదు. ఆవిడకి వేరే తీసి పెట్టాను. నా సొరుగులో ఉంది, అసలుది. మూడింటికి నేనే ఇద్దామనుకున్నాను."

ఎవరికి అని డాక్టరు గారు అడిగారు.

"మా అమ్మకి సార్."

రెండూ ఐదుకి అతన్ని ఆ కుర్చీలోంచి లేపింది నేనే. డాక్టరు గారు అప్పటికే థియేటర్‌కి కలుపుతున్నారు. ఒకటి, రెండు, మూడుసార్లు మోగింది. ఎత్తలేదు. మా బావమరిది గోడకున్న మైకు అందుకున్నాడు. నిన్న సర్వర్ వచ్చిందని చెప్పిన మైకే. గొంతు వణక్కుండా, థియేటర్‌లో రెండూ ఇరవైకి వచ్చిన ఇంజెక్షన్ ఎవరికీ ఇవ్వకండి, ఇది పెద్ద డాక్టరు గారి ఆర్డరు అని రెండుసార్లు చెప్పాడు. ఆయన చెప్పకుండానే ఆయన పేరు వాడేశాడు.

అర నిమిషం తర్వాత ఫోన్ మోగింది. థియేటర్ నుంచి. సిరంజిలోకి ఎక్కించారు, సూది గుచ్చలేదు. ముసలావిడ స్పృహలోనే ఉంది. ఎవరి కేకలవి అని అడుగుతోందట.

స్టోర్‌కీపర్ గోడకి జారబడి నేల మీద కూర్చున్నాడు. డాక్టరు గారు ఆయన సొరుగులోని అసలు పెట్టెని పైకి పంపమని చెప్పారు. టై తన కాగితాన్ని రెండుగా మడిచి, నాలుగుగా మడిచి, జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి నా దగ్గరికొచ్చి, ఆ నర్సు గారు ఏ గదిలో ఉంటారు అని అడిగాడు. చెప్పాను. అంతకన్నా పెద్ద క్షమాపణ నేనెప్పుడూ కోరలేదు. మా వాడు కింద పడిన స్టూలు లేపి పెట్టాడు. మా ఆవిడకి ఫోన్ చేసి, మీ తమ్ముడు రాత్రికి ఇంటికే వస్తాడు అని చెబుదామని తీశాను.

అప్పుడు నేల మీంచి స్టోర్‌కీపర్ నా కాలి దగ్గర బట్ట పట్టుకున్నాడు.

"సార్, ఆదివారం వచ్చిన బండి నిండా ఆ దొంగ మందే. నేను దింపుకున్నవి ఎనిమిదే. మిగిలినవి వేరే ఆసుపత్రుల్లో దింపాలని బండివాడు తొందరపడ్డాడు."

అవతల మా ఆవిడ ఫోనెత్తి, ఏమైందండీ అంటోంది.